రాజు తల లేని నాణేలు: యూరప్ నగరాల నాణేలపై బొమ్మల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నాణెం అనగానే రాజు తల గుర్తొస్తుంది. కొన్ని ఊళ్ళకి మాత్రం రాజు లేడు, లేదా ఉన్నా దూరంగా ఉన్నాడు. అలాంటి ఊరు సొంత నాణెం కొట్టుకోవాలంటే ఆ తల ఉండాల్సిన చోట ఎవర్ని పెట్టాలి? పువ్వునా, పక్షినా, కోటగుమ్మాన్నా, తల తెగిన సాధువునా? ఇక్కడ చేర్చిన ప్రశ్నలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

నగర నాణెం అని దేన్ని అంటారు?

ఒక రాజో చక్రవర్తో కాకుండా ఒక నగర పాలకసభ తన పేరుతో, తన టంకశాలలో కొట్టించిన నాణేన్ని. ప్రాచీన గ్రీకు నగర రాజ్యాలు, మధ్యయుగపు ఇటలీ గణరాజ్యాలు, జర్మన్ దేశాల స్వతంత్ర నగరాలు, స్విస్ నగరాలు ఈ లెక్కలోకి వస్తాయి. లండన్‌లోనో పారిస్‌లోనో ముద్రించినంత మాత్రాన అది నగర నాణెం కాదు. అక్కడ టంకశాల నగరంలో ఉన్నా హక్కు రాజుది.

ఎథెన్స్ వాళ్ళు గుడ్లగూబని ఎందుకు వేసుకున్నారు? అది అశుభం కదా?

మన ఊళ్ళలో గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని భయపడతారు. ఎథెన్స్‌లో అది నగర దేవత అథీనా పక్షి. బొమ్మ వైపు శిరస్త్రాణం పెట్టుకున్న అథీనా ముఖం, బొరుసు వైపు గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ఊరి పేరులోని మొదటి మూడు గ్రీకు అక్షరాలు. పెద్ద వెండి నాణెం ఇంచుమించు 17 గ్రాములు తూగేది. జనం దాన్ని ‘గుడ్లగూబ’ అనే పిలిచారు. గ్రీకుల్లో ఈ ముద్దుపేర్లు మామూలే. ఈజీనా ద్వీపం నాణేలు ‘తాబేళ్ళు’, రెక్కల గుర్రం ఉన్న కోరింత్ నాణేలు ‘గుర్రప్పిల్లలు’.

ఎథెన్స్ దగ్గరి లావ్రియోన్ గనుల్లో వెండి పుష్కలంగా దొరికేది. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియన్లని ఓడించిన యుద్ధనౌకలకి డబ్బు అక్కడి నుంచే వచ్చింది. ఆ తర్వాత ఎథెన్స్ శిల్పులు ప్రపంచమే అబ్బురపడే విగ్రహాలు చెక్కారు. నాణెం మీది అథీనా మాత్రం పాతకాలపు మొరటు ముఖంతోనే ఉండిపోయింది. ముఖం పక్కకి తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు ఉంటుంది. చేతకాక కాదు. ఈజిప్టు వర్తకుడూ సిరియా వర్తకుడూ చూడగానే పట్టేసుకునే బొమ్మ అది, మారిస్తే అనుమానపడతారు. అందంకన్నా ఆనవాలు ముఖ్యమన్న ఈ లెక్క వెనిస్‌లో మళ్ళీ కనబడుతుంది.

నకిలీలూ అంతే పుష్కలం. క్రీ.పూ. 375 నాటి ఒక ఎథెన్స్ చట్టం రాతిపలక మీద దొరికింది. దాని ప్రకారం నాణేలు పరీక్షించడానికి సంతలో ఒక ప్రభుత్వ బానిసని కూర్చోబెట్టేవారు. వెండి పూత కింద రాగో సీసమో బయటపడితే అతను దాన్ని అక్కడికక్కడే అడ్డంగా నరికేయాలి. ఈ రోజుకీ చాలా గుడ్లగూబల మీద ఉలి గాట్లు కనబడతాయి. చాలామంది సేకర్తలు గాటు ఉంటే విలువ తగ్గిస్తారు. నాకైతే గాటు ఉన్నదే ఇష్టం. ఎవరో దాన్ని అనుమానించి, పరీక్షించి, ఒప్పుకున్నారన్నమాట.

ఊరి పేరే బొమ్మగా వేసుకున్న నగరాలు ఉన్నాయా?

చాలా. రోడ్స్ నాణెం మీద గులాబీ, సిసిలీలోని సెలినస్ నాణెం మీద అడవి సెలెరీ ఆకు. రెండు చోట్లా ఆ మొక్క గ్రీకు పేరు ఊరి పేరుని గుర్తుచేస్తుంది. చదువురాని వాడికి కూడా ఏ ఊరి డబ్బో తెలిసిపోయేది. దక్షిణ ఇటలీలోని మెటాపొంటమ్‌ది వేరే దారి. అది తన పొలాల్లో పండే బార్లీ కంకిని వేసుకుంది. గింజ గింజా లెక్కపెట్టేలా చెక్కిన ఆ కంకిని మించిన నాణెపు శిల్పం తక్కువే.

ఫ్లారెన్స్ ఫ్లోరిన్‌కి అంత పేరు ఎందుకొచ్చింది?

పశ్చిమ యూరప్ అయిదు శతాబ్దాలుగా దాదాపుగా వెండి మీదే బతికింది. 1252లో ఫ్లారెన్స్ ఒక బంగారు నాణెం తెచ్చింది, అదే ఫ్లోరిన్. జెనోవా కూడా అదే ఏడు తెచ్చింది. ఫ్లోరిన్ బరువు 3.5 గ్రాముల పైచిలుకు, బంగారం ఆనాటి పనితనానికి అందినంత మేలిమి. ఒక వైపు లిల్లీ, చుట్టూ ‘ఫ్లొరెంతియా’ అన్న పేరు. రెండో వైపు నగర రక్షకుడు బాప్తిస్మమిచ్చే యోహాను, ఒంటి మీద రోమాల వస్త్రంతో నిలబడి ఉంటాడు. దొర పేరు గానీ పాలకుడి తల గానీ ఎక్కడా లేవు.

ఆ పువ్వుని లిల్లీ అంటున్నాం కానీ ఆకారం ఐరిస్ పువ్వుది. ఫ్రెంచి రాజుల లిల్లీకీ దీనికీ తేడా పట్టడం తేలిక. ఫ్లారెన్స్ పువ్వులో రేకుల మధ్య నుంచి కేసరాలు పైకి వస్తాయి, ఫ్రెంచి దానిలో రావు.

యోహాను తల పక్కన కొన్నిటి మీద చిన్న గుర్తు కనబడుతుంది. ఆ ఆరు నెలలు టంకశాల బాధ్యత ఎవరిదో చెప్పే గుర్తు అది. నాణెంలో లోపం తేలితే ఎవర్ని నిలదీయాలో దాన్ని బట్టి తెలిసేది. చరిత్రకారుడు జొవాన్ని విల్లాని టంకశాల అధికారిగా ఉన్నప్పుడు, 1317లో, ఈ గుర్తులన్నిటికీ ఒక చిట్టా రాయించడం మొదలుపెట్టాడు. దాని పుణ్యాన చాలా ఫ్లోరిన్లని ఏ ఏటివో, ఏ అర్ధ సంవత్సరానివో చెప్పగలుగుతున్నాం. అప్పటి నాణేల మీద సంవత్సరం వేసే అలవాటే లేదని గుర్తుంచుకోండి.

కల్తీ చేసినవాడికి శిక్ష మామూలుగా ఉండేది కాదు. మాస్టర్ అదామో అనే అతను 24కి బదులు 21 క్యారెట్ల బంగారంతో ఫ్లోరిన్లు కొట్టి, 1281లో సజీవంగా దహనమయ్యాడు. ఇటాలియన్ కావ్యాల్లోకి కూడా ఎక్కాడు పాపం.

శత్రువు గోడల బయట నాణేలు కొట్టడం నిజమేనా?

నిజమే. నాకు అన్నిటికన్నా నచ్చిన కథ ఇదే. 1256లో ఫ్లారెన్స్ సేన పీసా వాళ్ళని ఓడించి వాళ్ళ పొలిమేరల్లోకి చొచ్చుకుపోయింది. అక్కడున్న ఒక పెద్ద పైన్ చెట్టుని నరికి, ఆ మొద్దు మీదే ఫ్లోరిన్లు కొట్టారని విల్లాని రాశాడు. ఆ నాణేల్లో యోహాను పాదాల మధ్య మూడాకుల గుర్తు, చిన్న చెట్టులా, ఉంటుందని కూడా చెప్పాడు.

నాణెం కొట్టే హక్కు ఆ నేల మీద ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళదే. అవతలివాడి నేల మీద మన సమ్మెట మోగిందంటే అక్కడ మన మాటే చెల్లుతోందని చాటినట్టు. సుమారు డెబ్భై ఏళ్ళ తర్వాత ఫ్లారెన్స్‌కి అదే మర్యాద తిరిగి దక్కింది. 1325లో లుక్కా నాయకుడు కస్త్రుచ్చో కస్త్రకాని ఫ్లారెన్స్‌ని ఓడించి, ఆ నగరానికి కూతవేటులో ఉన్న సిన్యాలో సొంత నాణేలు కొట్టించాడు.

ఫ్లోరిన్ ఎప్పుడు ఆగింది?

1533లో. అంతకు ముందు ఏడు అలెస్సాండ్రో డి మెడిచి ఫ్లారెన్స్‌కి డ్యూక్ అయ్యాడు. కొద్ది కాలానికే వెండి నాణెం మీద గిరజాల జుట్టుతో ఆయన తల ప్రత్యక్షమైంది. గణరాజ్యం పోయిన సంగతి ఏ శాసనం కన్నా ముందు సంత కెళ్ళిన వాడి జేబులో తెలిసింది.

వెనిస్ బంగారు నాణెం డకాట్ మీది బొమ్మ అయిదు వందల ఏళ్ళు మారలేదంటారు. నమ్మొచ్చా?

నమ్మొచ్చు. 1284లో తీర్మానం చేసి మొదలుపెట్టారు. 1797లో నెపోలియన్ దెబ్బకి గణరాజ్యం కూలేదాకా దాదాపు అదే బొమ్మ, దాదాపు అదే బరువు. ఒక వైపు నగర రక్షకుడు సెయింట్ మార్క్ నిలబడి, మోకరిల్లిన డోజికి జెండా అందిస్తుంటాడు. డోజి అంటే వెనిస్ వాళ్ళు ఎన్నుకున్న పెద్ద. రెండో వైపు బాదం గింజ ఆకారపు ప్రభామండలంలో క్రీస్తు, చుట్టూ నక్షత్రాలు. అంచు వెంట లాటిన్‌లో ప్రార్థన: క్రీస్తూ, నువ్వు ఏలే ఈ డచీ (డోజి ఏలుబడిలోని రాజ్యం) నీకే అర్పితం.

బొమ్మని జాగ్రత్తగా చూడండి. డోజి ఉన్నాడు, పేరూ ఉంది, కానీ మోకాళ్ళ మీద ఉన్నాడు. కొత్త డోజి వస్తే పేరు మారుతుంది, మనిషి మారడు. ముక్కూ ముఖం ఎవరివో పోల్చలేం. అధికారం ఇచ్చేది మార్క్, పుచ్చుకునేది ఎవరైనా ఒకటే. ఇంత గడుసుగా రాజకీయం చెప్పిన నాణెం యూరప్‌లో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

నాణెం చిన్నది, 2 సెంటీమీటర్ల వెడల్పు, బరువు సుమారు 3.5 గ్రాములు. వెనిస్ టంకశాల పేరు ‘జెక్కా’. డకాట్‌కి తర్వాత వచ్చిన ‘జెక్కీనో’, ‘సీక్విన్’ అనే పేర్లు ఆ మాట నుంచే పుట్టాయి.

ఏ డోజికీ తన తల వేసుకోవాలనిపించలేదా?

ఒకాయనకి అనిపించింది. నికొలో ట్రోన్ (1471–73) కొత్త వెండి లీరా మీద తన ముఖం వేయించాడు. గుబురు గడ్డం, తల మీద డోజి టోపీతో బొమ్మ బాగానే కుదిరింది కూడా. ఆయన పోగానే పెద్దలు కూర్చుని, ఇక మీదట ఏ డోజీ తన ముఖాన్ని నాణెం మీద వేయించకూడదని కట్టడి చేశారు. వేసుకోవాలంటే మార్క్ ముందు మోకరిల్లినట్టే వేసుకోవాలి. ట్రోన్ లీరాకి ఈ రోజు సేకర్తలు ఎగబడేది అందుకే.

ఈ డకాట్లు మన దేశానికి వచ్చాయా?

వచ్చాయి, దండిగా. మిరియాలకీ మసాలాలకీ బట్టలకీ బదులుగా యూరప్ దగ్గర ఇవ్వడానికి బంగారం, వెండి తప్ప పెద్దగా ఏమీ లేవు. వెనిస్ నుంచి అలెగ్జాండ్రియా, అక్కడి నుంచి ఎర్రసముద్రం మీదుగా డకాట్ దక్షిణ భారత తీరాలకి చేరింది. దారిలోని ఈజిప్టులో దాని పట్టు ఎంతగా పెరిగిందంటే, సుల్తాన్ బర్స్‌బాయ్ 1425లో దాదాపు అదే బరువున్న ‘అష్రఫీ’ అనే బంగారు నాణేన్ని దానికి పోటీగా దింపాడు. విజయనగర వరహా కూడా ఇంచుమించు 3.4 గ్రాములు. అందుకే పరదేశి వర్తకులకి వరహాని డకాట్‌తో పోల్చుకోవడం తేలికైంది.

మన దగ్గర కంసాలులు డకాట్‌కి నకళ్ళు కూడా చేశారు. ఇవి మోసానికి చేసినవే అనుకోనక్కర్లేదు, చాలా మటుకు నగల కోసం. చేతులు మారేకొద్దీ క్రీస్తు రూపం గీతలుగా, చుక్కలుగా మారిపోయింది. లాటిన్ అక్షరాలు అర్థంలేని నిలువు గీతలయ్యాయి. పైన కొక్కెం అతికిన గుర్తో, కన్నమో కనబడుతుంది. మరాఠా దేశంలో ఇలాంటి బిళ్ళల హారాన్ని ‘పుతళి’ అన్నారు. తమిళ, మలయాళ ప్రాంతాల్లో జెండా కర్రకి చెరో వైపు ఉన్న మార్క్, డోజిని చూసి తాటిచెట్టూ కల్లుగీసే మనిషీ అనుకున్నారట. వెనిస్ పెద్దలకి ఈ సంగతి తెలిస్తే ఏమనుకునేవారో గానీ, బంగారం వన్నె మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. కాసుల పేరంతా వెనిస్ నుంచే వచ్చిందని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. మన దగ్గర కాసులు గుచ్చి మెడలో వేసుకోవడం అంతకన్నా పాతది.

జెనోవా నాణేల మీద ‘రాజు కొన్రాడ్’ అని ఉంటుంది. మరి రాజు తల లేదంటున్నారేం?

తల లేదు, పేరు మాత్రమే. 1138లో జర్మన్ రాజు మూడో కొన్రాడ్ జెనోవాకి నాణెం కొట్టుకునే హక్కు ఇచ్చాడు. ఆ కృతజ్ఞతో, లేక ఆ హక్కు పత్రాన్ని నాణెం మీదే చూపించుకోవడమో గానీ, ఆయన పోయి దాదాపు అయిదు వందల ఏళ్ళు గడిచేదాకా ‘కున్రాదుస్ రెక్స్’ అని వేస్తూనే ఉన్నారు. చనిపోయిన రాజు వల్ల ఇబ్బంది లేదు, పన్ను అడగడు. మధ్యలో కోట ద్వారంలాంటి గుర్తు ఉంటుంది. లాటిన్‌లో ద్వారాన్ని ‘యానువా’ అంటారు, ఊరి పేరు కూడా అలాగే రాసుకునేవారు. 1637లో జెనోవా కన్యమరియని తమ రాణిగా ప్రకటించుకుంది. అప్పుడు కొన్రాడ్‌కి సెలవిచ్చి ఆమె బొమ్మ వేశారు.

జర్మన్ నగరాల నాణేల మీది రెండు తలల గద్దా, మన గండభేరుండమూ ఒకటేనా?

ఈ ప్రశ్న తెలుగువాళ్ళు తప్పకుండా అడుగుతారు. అచ్యుతదేవరాయల (1529–42) వరహాల మీద ముక్కులతో, గోళ్ళతో ఏనుగుల్ని పట్టుకున్న గండభేరుండం ఉంటుంది. దాని పక్కన జర్మన్ నగరం ల్యూబెక్ అదే కాలపు నాణెం పెడితే పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయితే అర్థాలు వేరు. జర్మన్ గద్ద పవిత్ర రోమన్ సామ్రాజ్యపు చిహ్నం. 1433లో సిగిస్మండ్ చక్రవర్తి అయినప్పటి నుంచి రెండు తలలది అధికారిక గుర్తుగా స్థిరపడింది. ‘సామ్రాజ్య స్వతంత్ర నగరం’ అంటే మధ్యలో ఏ దొరా లేకుండా నేరుగా చక్రవర్తి కిందే ఉన్న నగరం. గద్దని వేసుకుంటే, మాకు పైన చక్రవర్తి ఒక్కడే, పక్క ఊరి ప్రభువుకి ఇక్కడ పని లేదు అని. అది లొంగుబాటులా కనబడే ధీమా. గండభేరుండం ఏనుగుల్ని సైతం ఎత్తుకుపోయే పురాణ పక్షి, రాజు సొంత పరాక్రమానికి గుర్తు.

గద్ద ఒక వైపు ఉంటే రెండో వైపు ఊరి సొంత గుర్తు ఉండేది. హాంబర్గ్‌ది మూడు బురుజుల కోట, ఆగ్స్‌బర్గ్‌ది పైన్ కాయ, రేగెన్స్‌బర్గ్‌ది అడ్డంగా వేసిన రెండు తాళంచెవులు. కొలోన్‌వి మూడు కిరీటాలు. బేత్లెహేముకి వచ్చిన ముగ్గురు జ్ఞానులవని చెప్పే అస్థికల్ని 1164లో మిలాన్ నుంచి అక్కడికి తెచ్చారు. వాటి కోసం కట్టిందే ఈనాటి పెద్ద గుడి.

తల చేత్తో పట్టుకుని నిలబడ్డ సాధువులు ఎవరు?

జూరిక్ వాళ్ళు. రోమన్ల కాలంలో ఫెలిక్స్, ఆయన చెల్లెలు రెగులా, వాళ్ళ సేవకుడు ఎక్సుపెరాంటియస్‌ల తలలు నరికితే, వాళ్ళు తమ తలల్ని తామే ఎత్తుకుని గుట్ట ఎక్కి అక్కడ పడిపోయారని స్థలపురాణం. 1512 నాటి పెద్ద వెండి నాణెం మీద ముగ్గురూ తలలు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు.

కొద్ది కాలానికే జ్వింగ్లీ అనే మతబోధకుడి నాయకత్వంలో ప్రొటెస్టెంట్ మతసంస్కరణ వచ్చింది, సాధువుల బొమ్మలు గుళ్ళలోంచీ నాణేల మీంచీ వెళ్ళిపోయాయి. ఖాళీ అయిన చోట నగర చిహ్నమున్న డాలుని పట్టుకున్న సింహాలూ, ‘ప్రభూ, మమ్మల్ని శాంతిలో కాపాడు’ అనే ప్రార్థనా, తర్వాత్తర్వాత నగర దృశ్యమూ వచ్చి చేరాయి. జెనీవాలోనూ ఇదే వరస. సగం గద్ద, ఒక తాళంచెవి ఉన్న పాత గుర్తు ఉంచుకున్నారు కానీ, చుట్టూ ‘చీకటి తర్వాత వెలుగు’ అని లాటిన్‌లో చేర్చారు. ఆ చీకటి ఎవరో రోమ్‌లోని పోప్‌కి బాగానే అర్థమై ఉంటుంది.

నగర దృశ్యం ఉన్న నాణేలు నమ్మదగినవేనా?

చాలా వరకు. 17, 18 శతాబ్దాల జూరిక్, బాసెల్, న్యూరెంబర్గ్ నాణేల మీద నదీ, గోడలూ, శిఖరాలూ గుర్తుపట్టేంత స్పష్టంగా ఉంటాయి. పేద వాడలు మాత్రం కనబడవు.

న్యూరెంబర్గ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని గొర్రెపిల్ల డకాట్ గురించి ఒక మాట. 1700 సంవత్సరంతో వేసిన ఈ బంగారు నాణెంలో గొర్రెపిల్ల భూగోళం మీద నిలబడి ‘శాంతి’ అని రాసిన జెండా పట్టుకుంటుంది. ఎక్కువగా కానుకలకి కొనేవారు. చతురస్రాకారంలోనూ చేశారు. డకాట్‌లో 32వ వంతు దాకా చిన్నవీ ఉన్నాయి, అంటే గ్రాములో పదో వంతు! గట్టిగా తుమ్మితే వెతుక్కోవాల్సిందే.

ముట్టడిలో ఉన్న ఊళ్ళు దేనితో కొట్టేవి?

దొరికిన దానితో. 1529లో తురుష్కులు వియన్నాని చుట్టుముట్టినప్పుడు గుండ్రంగా కోసే తీరిక లేక వెండి రేకుని చతురస్రాలుగా కత్తిరించి ముద్ర వేశారు. స్పెయిన్ సేనల ముట్టడిలో ఉన్న నెదర్లాండ్స్ నగరం లైడెన్ (1573–74) దగ్గర వెండి కూడా లేదు. క్యాథలిక్ ప్రార్థన పుస్తకాల కాగితాల్ని దొంతరగా అతికి, అచ్చు దిమ్మల మధ్య నొక్కి నాణేలు చేశారు. వాటి మీద సింహం, ‘ఇది స్వేచ్ఛ కోసం’ అన్న లాటిన్ మాటలు. కొన్నిటి పొరల్లో ప్రార్థనల అక్షరాలు ఇప్పటికీ కనబడతాయి.

అంచు మీది అక్షరాలు చదవడం ఎలా?

ముందు చిన్న శిలువ గుర్తు ఎక్కడుందో వెతకండి. మధ్యయుగపు నాణేల్లో చాలా మటుకు పై భాగాన ఉంటుంది, అక్షరాలు అక్కడ మొదలై గడియారం ముల్లు తిరిగే వైపు సాగుతాయి. యు బదులు వి వాడతారు. ఒంటరి ఎస్ ఉంటే ‘సెయింట్’ అనుకోండి. ‘మో నో’ కనబడితే ‘మోనెటా నోవా’, అంటే కొత్త నాణెం. దాని వెంటే ఊరి పేరు వస్తుంది. మాటల్ని ఎక్కడబడితే అక్కడ కుదించడం వాళ్ళకి అలవాటు, ఓపిక పట్టాలి.

ఇంట్లో పాత నగల్లో ఇలాంటి బిళ్ళ దొరికింది. ఏం చేయాలి?

తోమకండి. చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. బరువు తూయించండి. 3.4, 3.5 గ్రాముల మధ్య ఉండి, మోకరిల్లిన మనిషి ఉంటే డకాటో దాని నకలో అవుతుంది. అక్షరాలు చదవగలిగితే, డోజి పేరు పోలిస్తే అసలుది కావడానికి అవకాశం ఎక్కువ. అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలం మీద చిన్న చిన్న బుడగల గుంటలు ఉంటే పోత పోసిన నకలు. కంసాలి గీటురాయి బంగారం వన్నె చెబుతుంది కానీ వయసు చెప్పదు. కరిగించే ముందు నాణేలు తెలిసినవారికో పురావస్తు శాఖకో చూపించండి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని సొంతంగా విదేశాలకి పంపడం నేరం. పొలంలోనో పునాది తవ్వకంలోనో దొరికితే అది వేరే కథ. విలువ పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

ఆ బొమ్మలు ఇప్పుడు ఎక్కడైనా చెలామణీలో ఉన్నాయా?

గ్రీసు 1 యూరో నాణెం తిప్పి చూడండి, ఎథెన్స్ గుడ్లగూబ నాణెమే అందులో బొమ్మగా ఉంది. జర్మనీ 2 యూరోల ప్రత్యేక నాణేల మీద ల్యూబెక్ కోటగుమ్మం (2006), బ్రెమెన్ పురభవనమూ రోలాండ్ విగ్రహమూ (2010), కొలోన్ పెద్ద గుడి (2011) వచ్చాయి. డకాట్ బరువు కూడా బతికే ఉంది. ఆస్ట్రియా టంకశాల 1915 సంవత్సరంతో ఇప్పటికీ కొట్టి అమ్మే డకాట్ 3.49 గ్రాములు. దాని మీద మాత్రం ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి తల ఉంటుంది.